ఇల్లు మెరుస్తోంది, ఆమె దగ్గుతోంది

పండుగ ముందు ఇత్తడి కుందులకు పట్టిన చిలుము వదలాలంటే మనకు చింతపండే కావాలి. నానబెట్టిన గుజ్జు, గుప్పెడు ఉప్పు, చివర్లో కాస్త ముగ్గుపిండి. దేవుడి సామాను కదా, రసాయనాలు తగలకూడదు! పది అడుగుల అవతల స్నానాల గదిలో మాత్రం, ఒకప్పుడు కూల్‌డ్రింక్ ఉన్న సీసాలోంచి వంపిన పసుపుపచ్చని యాసిడ్ నేలమీద బుసబుస పొంగుతుంటుంది. రెండు పనులూ చేసేది ఒక్క మనిషే. కుందులపై ఉన్న దయ ఆమె ఊపిరితిత్తులపై ఎందుకు లేదు?

సహజ పదార్థాలతో శుభ్రం చేసుకోవడం ఇప్పుడు ఒక మోజు. నిమ్మకాయ బొమ్మ ఉన్న సీసా, దానికి రెట్టింపు ధర. ఆ బొమ్మను నేను నమ్మను. సహజమైనదల్లా సాధువే అనుకునే అమాయకత్వం తెలుగువాళ్లకు తగదు. తలంటి రోజున కుంకుడు రసం కంట్లో పడి ఏడవనివారు మనలో ఎవరు? ఆ నురగకు కారణమైన సపోనిన్లు చేపలకు విషం. ఇక వంటసోడాలో వెనిగర్ పోసి పొంగు చూసి మురిసిపోయేవారికి ఒక మాట. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలే నీళ్లకు మురికి వదిలించే సత్తువ పెద్దగా ఉండదు. దేనికదిగా వాడితేనే వాటి పని.

అయినా నేను చింతపండు పక్షమే. కారణం ఆ యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బోరు నీళ్లు టైల్స్ మీద మిగిల్చే తెల్లచారలను నిమిషాల్లో కరిగిస్తుంది, టైల్స్ మధ్య సిమెంటునూ తింటుంది. దానిమీద బ్లీచింగ్ పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. మన స్నానాల గదికి ఉన్నది జానెడు వెంటిలేటర్. మా ఇంట్లో పనిచేసే ఆమెను అడిగితే, "కొంగు ముక్కుకు కట్టుకుంటాను కదండీ" అంది. కొంగు ఆపగలిగేది దుమ్మును. ఆమె బొటనవేలి పక్కన చర్మం పొరలుగా లేచి ఉంది. ఆ వేలితోనే తర్వాత మా కుందులు తోమింది.

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు వేల మందికి పైగా మనుషులను సుమారు 20 ఏళ్లు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఇల్లు శుభ్రం చేసుకునే స్త్రీలలోనూ, ఆ పని జీతానికి చేసే స్త్రీలలోనూ ఊపిరితిత్తుల శక్తి మిగతావారికంటే వేగంగా పడిపోయింది.

మరి యాసిడ్ ఎందుకు మానం? టైము. వెనిగర్ కూడా ఆ తెల్లచారలను కరిగిస్తుంది, కానీ తడి గుడ్డ చుట్టి గంట ఆగాలి. రోజుకు ఐదిళ్లు తిరిగే మనిషికి ఆ గంట ఎవరిస్తారు? నెల జీతం ఖాయం, పని మాత్రం గదుల లెక్కన. చింతపండుకు ఖర్చయ్యేది పది రూపాయలైతే, దాన్ని నానబెట్టి రుద్దే సమయానికి ఎక్కువ జీతం ఇవ్వాలి. ఆ మాట వచ్చేసరికి పర్యావరణ ప్రేమికులంతా మౌనవ్రతం పడతారు.

ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు క్రిములు చావాలి కదా అని వైద్యులంటారు. నిజమే. వాంతులు, విరేచనాలు అయినచోట బ్లీచింగ్ వాడాల్సిందే, నీళ్లలో పలచగా కలిపి, ఇంక దేనితోనూ కలపకుండా, కిటికీలు తెరిచి. అంతేగాని రోజువారీ నేలకు సబ్బునీళ్లు చాలు. ఆసుపత్రి వాసన వస్తేనే శుభ్రమనుకోవడం ప్రకటనలు మప్పిన అలవాటు.

అసలు కోపం చట్టం మీద. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలున్న చోట యజమాని ఆ ప్రమాదాలేమిటో కార్మికులకు చెప్పి తీరాలన్నారు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కాబట్టి మన స్నానాల గదిలో ఆమ్లం పోసే స్త్రీకి ఆ రక్షణ లేదు. యాసిడ్ దాడుల కేసులో 2013లో సుప్రీంకోర్టు, కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాయకుండా, గుర్తింపు కార్డు చూడకుండా యాసిడ్ అమ్మరాదని ఆదేశించింది. మా వీధిలో సైకిలు మీద వచ్చే సీసాలకు రిజిస్టరు కాదు కదా, లేబులే ఉండదు. కాలిఫోర్నియాలో శుభ్రపరిచే ద్రవాల్లో ఏమేమి ఉన్నాయో సీసా మీద ముద్రించాలని 2017లోనే చట్టం చేశారు. ఇక్కడ కనీసం తెలుగులో నాలుగు ముక్కలు, ఒక హెచ్చరిక బొమ్మ వేయడానికి ఏం అడ్డు?

పోయిన ఆదివారం మా ఇంటి కుళాయిలకు వెనిగర్ గుడ్డలు నేనే చుట్టాను. గంటన్నర పట్టింది, నడుము పట్టేసింది. షవర్ కింద ఒక చార ఇంకా అలాగే ఉంది. సోమవారం ఆమె వచ్చి దాన్ని చూసి, అలవాటుగా సీసా కోసం తలుపు వెనక వెతికింది.