పట్టా ఇస్తే సరిపోదు, మా మెట్లు కూడా చూడండి

విజయవాడలో పేదల ఇళ్ళ మాటెత్తితే చాలు, నాయకులంతా పట్టాల దగ్గరే ఆగిపోతారు. పట్టా కావాలి, కాదనను. కానీ చిట్టినగర్, గుణదల, మొగల్రాజపురం కొండల మీద ఉండేవాళ్ళ బతుకంతా ఇంటిదాకా వచ్చే మెట్ల దారి చేతిలో ఉంది.

పైకి పోయేకొద్దీ అద్దె తగ్గుతుంది, మిగతా ఖర్చులన్నీ పెరుగుతాయి. గ్యాస్ బండ మోసుకొచ్చినవాడికి విడిగా ఇవ్వాలి. చిన్న గది వేసుకుందామంటే ఇసుక, ఇటుకల మోత కూలికే భయమేస్తుంది. మోకాళ్ళు అరిగిపోయిన మా పెద్దమ్మ ఆసుపత్రికి తప్ప కిందికి దిగడమే మానేసింది. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దించాలి, అంబులెన్స్ కొండ కిందే ఆగుతుంది కాబట్టి.

ఆ నలుగురు పిలవగానే వస్తారు చూడండి, అదీ ఈ మెట్ల వల్లే. సాయంత్రమైతే ఆడవాళ్ళు అక్కడే కూర్చుని కూరలు తరుగుతారు, పిల్లలు హోంవర్క్ చేస్తారు, ఒకామె ఇడ్లీలు అమ్ముతుంది. కొత్త మొహం కనబడితే "ఎవరింటికి బాబూ?" అని అడుగుతారు. ఒంటరి ఆడవాళ్ళు ఇక్కడ ధైర్యంగా ఉండగలుగుతున్నది అందుకే. ఊరి శివార్లలో ప్రభుత్వం కట్టిన జక్కంపూడి కాలనీ ఫ్లాట్లకు వెళ్ళినవాళ్ళకి పక్కా గోడలు దొరికాయి, సంతోషమే. కానీ వన్‌టౌన్‌లో మూటలు మోసే మనిషికి పని దూరమైపోయింది. పై అంతస్తులో ఇడ్లీ పొయ్యి పెడితే ఎవరు కొంటారు?

1956 నాటి కేంద్ర మురికివాడల చట్టంలోనే ఉంది: ఇరుకు వీధులు, వాటి అమరికలో లోపాలు కూడా ఒక ప్రాంతాన్ని మురికివాడ అనడానికి కారణాలట. మరి లోపం వీధిలో ఉంటే వీధిని బాగుచెయ్యాలి కదా, మనుషుల్ని ఖాళీ చేయించడమేంటి! 1990ల్లో బ్రిటన్ సాయంతో ఇదే ఊళ్ళోనూ, విశాఖలోనూ జనం ఉన్నచోటే దారులు, కాలువలు, లైట్లు వేశారు. చెయ్యలేని పనేం కాదు.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. అలాంటి అంచున ఉన్న ఇళ్ళను మార్చాల్సిందే, అదీ పనికి దగ్గర్లో. మిగతావాళ్ళకి మెట్ల పక్కన వాననీటి కాలువ, మట్టి జారకుండా ఆపే బలమైన రిటైనింగ్ వాల్, ముసలివాళ్ళు పట్టుకోవడానికి రెయిలింగ్, రాత్రి వెలిగే లైటు కావాలి. ఈసారి ఓట్ల కోసం మెట్లెక్కి వచ్చేవాళ్ళని పట్టా ఎప్పుడిస్తారని అడిగే ముందు వీటి గురించి అడగండి.