మన లిఫ్టర్లు తమ కథ తామే చెప్పాలి

అమెరికన్ అథ్లెట్ రిచ్ ఫ్రోనింగ్ 2011 నుంచి 2014 దాకా వరసగా నాలుగేళ్లు క్రాస్‌ఫిట్ గేమ్స్ (బరువులెత్తడం, పరుగు, తాడెక్కడం లాంటివన్నీ కలిసిన పోటీ) గెలిచాడు. అతని ఆత్మకథలో నన్ను బాగా పట్టుకున్నది మాత్రం 2010 నాటి ఓటమి. టైటిల్ దాదాపు చేతికొచ్చింది, చివరి ఈవెంట్‌లో తాడు ఎక్కాలి. కాళ్లతో తాడును మెలేసి పట్టుకోవడం అతనికి రాదు. ఒట్టి చేతుల బలంతో ఎక్కబోయి, పట్టు సడలి జర్రున కిందికి జారాడు. రెండో స్థానంతో ఇంటికెళ్లాక, గెలుపే తన బతుకంతా అయిపోయిందని అతనికి తెలిసొచ్చింది. విశ్వాసం వైపు మళ్లాడు. క్రీస్తు సిలువలో తప్ప మరి దేనిలోనూ అతిశయపడనని చెప్పే బైబిల్ వాక్యం, గలతీయుల పత్రిక 6:14ను ఒంటిమీద పచ్చబొట్టు వేయించుకున్నాడు.

తాడెక్కడం మాత్రం సాధనతోనే వచ్చింది. విశ్వాసం ఇచ్చింది ఓటమిని తట్టుకునే నిబ్బరం. రెండింటినీ కలగాపులగం చేయకుండా చెప్పడమే ఆ జ్ఞాపకాలకు విలువ తెచ్చిందని నా అభిప్రాయం.

ఇలాంటి పుస్తకాలు రావాల్సిన నేల మన ఉత్తరాంధ్ర. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి వచ్చింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం. స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు. ఇంకో ప్రయత్నం మిగిలుంది. బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. లేస్తే బంగారం. లేవలేదు. ఆ రోజు స్వర్ణం, రజతం రెండూ 242.5 కిలోలకే వచ్చాయి. ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచాలన్న ఆ నిర్ణయం వెనక లెక్కేమిటి? చేతులకు పొడి రాసుకుంటూ ప్లాట్‌ఫాం వైపు నడిచినప్పుడు మనసులో ఏముంది? ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అని పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం. ఈ రోజు బార్ ముందు నిలబడే అమ్మాయికి అంతకన్నా ఎక్కువగా పనికొచ్చేవి ఆ కొద్ది నిమిషాలు.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ సంగతీ అంతే. ఆ ఊరి లిఫ్టర్ మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం వచ్చింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. పోటీ ముగిశాక మెరుగైన ఆ పతకాన్ని అందుకోవడం ఎలా ఉంటుందో ఎత్తినవాళ్లే చెప్పాలి.

మన పత్రికల్లో వచ్చే కథలన్నీ ఒకే మూసలో ఉంటాయి. తండ్రి కూలి పని, తాకట్టు పెట్టిన అమ్మ పుస్తెలు, పతకం, పైన ‘మట్టిలో మాణిక్యం’ అన్న హెడ్డింగ్. పేదరికం నిజమే, కాదనను. కానీ మోకాలి నొప్పి, పోటీకి ముందు ఒంటి బరువు చూస్తారని ముందు రోజు కడుపు మాడ్చుకోవడం, కోచ్‌తో పడిన గొడవ ఎక్కడా కనబడవు.

భక్తి విషయమూ ఎవరూ తడమరు. విజయనగరంలో ఏ పని మొదలుపెట్టినా పైడితల్లికి మొక్కుకుంటాం, నెరవేరితే మొక్కు తీర్చుకుంటాం. గెలిపించు తల్లీ అని దండం పెట్టుకుని వెళ్లిన పిల్ల ఓడిపోయి వస్తే, ఆ తర్వాత గుడి మెట్లెక్కేటప్పుడు ఏమనుకుంటుంది? ఫ్రోనింగ్ తన మతంలోంచి ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాడు. మనవాళ్లకూ ఏదో జవాబు ఉండే ఉంటుంది, లేకపోతే మర్నాడు మళ్లీ బార్ పట్టుకోలేరు.

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి విషయంలో ఈ నష్టం ఇప్పటికే జరిగింది. గొలుసులు తెంచాడని, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని, శాకాహారి అని, ప్రాణాయామం చేసేవాడని చెప్పుకుంటాం. రోజుకు ఎన్ని దండీలు, ఎన్ని బస్కీలు, ఏ వేళకు తిండి అన్నది ఆయన మాటల్లోనే దొరికుంటే, శ్రీకాకుళంలో ఆయన పేరున్న స్టేడియానికొచ్చే కుర్రాళ్లకు ఎంత ఆసరా అయ్యేది!

రాయడం రాదనో, చదువు తక్కువనో మనవాళ్లు వెనకాడనక్కర్లేదు. ఫోన్‌లో రికార్డు చేసి, మన యాసలోనే కాగితం మీద పెడితే చాలు. తెలుగు కథల కోసం కథానిలయం అనే గ్రంథాలయం కట్టుకున్న శ్రీకాకుళానికి ఇది చేతకాని పనేం కాదు. మొదటి తరం కోచ్‌లకు వయసు మీదపడుతోంది, వాళ్ల నోటు పుస్తకాలు అటకల మీద చెద పడుతున్నాయి. ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలి.