కేబుల్ మార్చినంత మాత్రాన ఎంట్రీ కనపడదండీ

అకౌంట్స్ వాళ్ల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ (ఎంట్రీలన్నీ దాచే ఫైల్) నలుగురు వాడుతున్నప్పుడు ఒకళ్ల ఎంట్రీ ఇంకొకళ్లకి కనపడకపోతే నెట్‌వర్క్ స్లో అట, స్క్రీన్ ఎంతసేపటికోసారి తాజా అవ్వాలో చెప్పే రిఫ్రెష్ ఇంటర్వల్ 1 సెకను పెట్టాలట, ఫైల్‌ని కుదించి బాగుచేసే కాంపాక్ట్ అండ్ రిపేర్ కొట్టాలట, అప్పటికీ కాకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేస్‌కి మారిపోవాలట. చదివితే నిజమే అనిపిస్తుంది, అదే చిక్కు.

ముందు నెట్‌వర్క్ సంగతి. నేను చూసే ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర కొట్టిన లారీ బరువు ఆఫీసులో రావట్లేదని స్విచ్ మార్చారు, కేబుల్ మార్చారు, చివరికి నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే ఆ వరస ఎడమ పక్కన చిన్న పెన్సిల్ గుర్తు అలాగే ఉంది, కుర్రాడేమో టీకి పోయాడు. పెన్సిల్ ఉందంటే రికార్డు ఇంకా సేవ్ కాలేదని, అసలు ఆ సిస్టమ్ దాటి బయటికే పోలేదు, ఇంక నెట్‌వర్క్ ఏం మోసుకొస్తుంది? కింది వరసలోకి వెళ్లినా సరే, షిఫ్ట్+ఎంటర్ కొట్టినా సరే సేవ్ అయిపోతుంది.

రిఫ్రెష్ ఇంటర్వల్ మామూలుగా 60 సెకన్లు ఉంటుంది. దాన్ని 1 చేసినా స్క్రీన్ మీద ఆల్రెడీ ఉన్న వరసల్లో మార్పులే వస్తాయి తప్ప కొత్తగా చేర్చినవి రావు, వాటికి రీక్వెరీ కావాలి, అంటే డేటా మొత్తం మళ్లీ చదివించడం, దానికి షిఫ్ట్+ఎఫ్9. ఊరికే లైన్ మీద లోడ్ పెంచుకోవడం ఎందుకు చెప్పండి.

కాంపాక్ట్ కొడితే పని అయిందని చాలామంది ఒట్టేసి చెప్తారు, నిజంగానే అవుతుంది కూడా, కానీ ఎందుకంటే అది చెయ్యాలంటే అందరూ ఫైల్ మూసెయ్యాలి, మళ్లీ తెరిచినప్పుడు ఫారం (ఎంట్రీలు కొట్టే స్క్రీన్) డేటా మొత్తం కొత్తగా చదువుతుంది, క్రెడిట్ మాత్రం కాంపాక్ట్ కొట్టేసింది!

ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మారినా ఆ యాక్సెస్ ఫారమే వాడితే రీక్వెరీ తప్పదు. పైగా ఎవరైనా ట్రాన్సాక్షన్ (ఒకేసారి సేవ్ కావాల్సిన మార్పుల కట్ట) మొదలుపెట్టి కమిట్ కొట్టడం, అంటే దాన్ని ఖాయం చెయ్యడం మర్చిపోతే మిగతావాళ్ల స్క్రీన్ తిరుగుతూనే కూర్చోవచ్చు.

ఇంతకీ ఆ ఫార్వర్డ్‌లో లేని కారణమే నాకు ఎక్కువ తగిలింది. ఇద్దరూ ఒకే ఫైల్లో ఉన్నారా అసలు? "స్పీడుగా ఉంటుందని కాపీ చేసుకున్నా సార్" అని ఒకాయన మూడు రోజులు తన డెస్క్‌టాప్ మీద ఫైల్లో కొట్టాడు, షేర్ ఫోల్డర్‌లో ఫైలేమో అక్కడే ఉంది. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టుకున్నా ఇదే కథ, ఎవరి కాపీ వాళ్లదే. టేబుల్స్ వేరే ఫైల్లో ఉంటే ఆ లింకులు ఏ ఫైల్‌కి పోతున్నాయో చూపించే లింక్‌డ్ టేబుల్ మేనేజర్ తెరిచి రెండు సిస్టమ్‌లలోనూ పాత్ (ఫైల్ ఉన్న చోటు) చూడండి. అంతా ఒకటే ఫైల్ అయితే ఇంకా ఈజీ, తెరవగానే దాని పక్కన అదే పేరుతో లాక్ ఫైల్ ఒకటి పుడుతుంది, ఎవరి డెస్క్‌టాప్ మీద పుట్టిందో ఆయన్ని పట్టుకోండి.