బాత్‌రూములు ఎవరి వాటా?

మా మామ పార్కుని బాగుచెయ్యాలట. పోయిన నెల ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు, నాలుగు నిమిషాలది, అందులో మొదటి నిమిషం దగ్గు. మిగతా మూడు నిమిషాల్లో ఆయన చెప్పింది ఏమిటంటే, నెల్లూరు దగ్గర మైపాడు బీచికి పోయే కార్లన్నీ మన గేటు ముందు స్లో అవుతున్నాయి, లోపలికి చూస్తున్నాయి, చూశాక ఇంకాస్త స్పీడుగా పోతున్నాయి, కాబట్టి చదువుకున్న పిలకాయలందరూ తలా ఒక ఐడియా చెప్పాలి.

ఐడియాలు వచ్చాయి. బెంగళూరు బావ రోలర్ కోస్టర్ అన్నాడు. (పోయిన సంక్రాంతికి ఉయ్యాల గొలుసు తెగి, తలా రెండొందలు వేసుకుందామంటే ఫోన్‌పే పనిచెయ్యట్లేదన్న మనిషి ఈయనే.) డల్లాస్ చెల్లెలు "రైడ్స్ కాదు మామయ్యా, ఎక్స్‌పీరియన్స్ అమ్మాలి" అని పెడితే మామ దండం బొమ్మ పెట్టాడు, అంటే అర్థం కాలేదని. చిన్నత్త మాత్రం సూటిగా, బజ్జీల కొట్టు వాళ్ళ తమ్ముడికి ఇస్తే పార్కు దానంతటదే బాగుపడుతుందని తేల్చేసింది.

ఇలా కుదరదని నేనే ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటి నుంచి చీకటిపడే దాకా నోటుబుక్కు పట్టుకుని పార్కంతా తిరిగాను. ఆ రోజు నాతో కలిపి పదకొండు మంది వచ్చారు, అందులో ముగ్గురు బాత్‌రూమ్ కోసం వచ్చి, చూసి, వెనక్కి పోయారు. జిల్లా శ్రేయస్సు దృష్ట్యా నా సిఫార్సులు ఇక్కడ పెడుతున్నాను.

ముందు కాస్త చరిత్ర. ఇది పుట్టుకతో పార్కు కాదు, రొయ్యల గుంట. టైగర్ రొయ్యకి బంగారం రేటు పలికిన రోజుల్లో మా తాత మొలగొలుకులు పండే మడి తవ్వించి గుంట చేశాడు. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. అది మా తీరంలో ఎన్ని ఇళ్ళని ముంచిందో ఇటువైపు ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు. రొయ్యలు పోయాయి, అప్పు ఉండిపోయింది, గొయ్యి ఉండిపోయింది, రొయ్యలకి ఊపిరాడేలా నీళ్ళు చిలికే నాలుగు ఏరియేటర్లు ఉండిపోయాయి. గోతిలో నీళ్ళు నింపి రెండు పెడల్ బోట్లు వదిలితే బోటింగ్ అయింది. ఏరియేటర్ స్విచ్ వేస్తే ఫౌంటెన్. రెండూ ఒకేసారి వేస్తే, బోటు ఏరియేటర్ వైపు కొట్టుకుపోతుంది కాబట్టి, అడ్వెంచర్.

బోర్డు మీద థీమ్ పార్కు అని ఉంది. థీమ్ ఏంటి మామా అని అడిగితే "థీమంటే ఏందబ్బయా, నీళ్ళు" అన్నాడు. అది నిజం కాదు. మా పార్కు థీమ్ పంపకాలు.

తాత పోయాక పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వాటాలు వేశారు. జెయింట్ వీల్ పెద్దమామకి వచ్చింది. దాన్ని తిప్పే జనరేటర్ చిన్నమామకి వచ్చింది. వాళ్ళిద్దరికీ మాటలుంటే చక్రం తిరుగుతుంది, లేకపోతే లేదు. బోట్లు, గేటు, అప్పు మా మామకి. పిల్లల రైలు మా అమ్మకి పసుపు కుంకుమ కింద ఇచ్చారు, అయితే ఇంజనూ పెట్టెలే ఇచ్చారు, పట్టాలు పోయే స్థలం పెద్దమామది. నాకు తెలిసి నెల్లూరు జిల్లాలో పుట్టింటివాళ్ళు రైలు పెట్టిన ఆడపడుచు మా అమ్మ ఒక్కతే, ఆ రైలుని ఇంటికి తీసుకుపోలేక, అక్కడ నడపలేక, ఏటా దానికి ఆయుధ పూజ మాత్రం చేసి వస్తుంది.

ఇక బాత్‌రూములు. అవి ఉమ్మడి.

ఉమ్మడి అంటే ఏమిటో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్దత్త బకెట్ కొంది, మగ్గు చిన్నత్త కొనాలని ఆగింది. చిన్నత్త మగ్గు కొంది గానీ ఇంట్లో పెట్టుకుంది. తలుపు గడియ ఊడి మూడేళ్ళయింది, లోపలికి పోయినవాళ్ళు ఒక కాలు తలుపుకి తన్నిపెట్టి పాట పాడుతూ కూర్చోవాలి. కాబట్టి నా మొదటి సిఫార్సు: బాత్‌రూములకి చీటీపాట పెట్టండి. పాట ఎవరు తగ్గించి పాడితే వాళ్ళకి కాదు, ఆ రోజు ఎవరు రాకపోతే వాళ్ళకి. స్టాంపు పేపరు మీద రాయించండి. మా కుటుంబంలో ఒక వస్తువు శుభ్రంగా ఉండాలంటే దాని మీద ఒకరి పేరుండాలి, పక్కవాళ్ళు దాని మీద కన్నేసి ఉండాలి.

ఈ వాటాల గొడవకి మామ కుమిలిపోతుంటే ధైర్యం చెబుదామని డిస్నీ కథ ఎత్తాను. అదీ అన్నదమ్ముల వ్యాపారమే మామా, 1923లో వాల్ట్, రాయ్ అని ఇద్దరు కలిసి మొదలుపెట్టారు, తమ్ముడు బొమ్మలు చూసుకున్నాడు, అన్న డబ్బులు చూసుకున్నాడు అని చెప్పాను. "మేం ముగ్గురం డబ్బులే చూసుకుంటా ఉండాం కదబ్బయా" అన్నాడు. సరే, 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచిన రోజు ఎంత రచ్చ అయిందో విను, కొత్తగా పోసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి, తాగడానికి కుళాయిలు చాల్లేదు, సగం జనం దొంగ టికెట్లతో వచ్చారని చెబుతారు అన్నాను. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "దొంగ టికెట్లు అచ్చేయించుకోని మరీ వచ్చినారా? అంత ఆశపడి?" అన్నాడు. ఆ కళ్ళలో అసూయ నేను ఆయన తమ్ముడు కారు కొన్నప్పుడు కూడా చూడలేదు.

టికెట్ దగ్గరికే వద్దాం. మా గేటు స్తంభం మీద మూడడుగుల ఎత్తున ఎర్రగీత ఉంది, ఆ లోపు పిల్లలు ఫ్రీ. ఆ గీత దగ్గరికి రాగానే ఈ జిల్లాలో పిలకాయలందరికీ మోకాళ్ళు వంగుతాయి. నేను చూస్తుండగానే ఒక పిల్లాడు, మీసం వస్తోంది వాడికి, వాళ్ళమ్మ భుజం మీద చెయ్యి పెట్టి నొక్కితే వానపాములా ముడుచుకుని గీత కిందనుంచి దూరాడు. ఏళ్ళ తరబడి నూనె తలలు రాసుకుని ఆ గీత నల్లబడి ఇప్పుడు అసలు కనపడదు, వాచ్‌మన్ వేలు పెట్టి చూపించాలి, ఆ వేలు ఎంత ఎత్తులో ఉంటుందనేది వచ్చినవాళ్ళు ఇచ్చే బీడీ మీద ఆధారపడుతుంది.

దీనికి పరిష్కారం మన ఇంట్లోనే ఉంది. తాత కాలం నాటి రొయ్యల కాటా షెడ్డులో పడి ఉంది, దాన్ని గేటు దగ్గర పెట్టి టికెట్‌ని కౌంట్ లెక్కన కొట్టాలి. తెలియని వాళ్ళకి చెబుతున్నాను, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది అంత కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్నది, తక్కువ రేటు. అలాగే మనుషుల్ని క్వింటాకి ఎంతమందో తూచి, క్వింటాకి ఒక్కరే తూగే మా పెద్దమామ లాంటివాళ్ళకి టాప్ రేటు, క్వింటాకి ఆరుగురొచ్చే పిల్లలకి అడుగు రేటు. చక్రం మోసేది బరువునే గానీ వయసుని కాదు కదా. ఒక్కటే ఇబ్బంది, ఇక్కడ అందరికీ రొయ్యల బేరం తెలుసు, పెంకు మెత్తబడ్డ సాఫ్ట్ రొయ్యకి రేటు తగ్గుతుందని. "మా బావ సాఫ్ట్ అండీ, ఉత్త నీరు, రేటు కట్ చెయ్యండి" అని నిలబడతారు. ఏసీ గదిలో పెరిగిన బెంగళూరు బావని అలా కట్ చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు.

(జీఎస్టీ గురించి అడిగారు కొందరు. 2018 జనవరిలో ఇలాంటి పార్కుల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. మా మామకి రెండూ ఒకటే. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే కదా ఆ గొడవ, మేం ఆ ఎత్తుకి చేరిన రోజు దాన్నే కొత్త రైడుగా ప్రకటిస్తాం.)

బొమ్మల్ని మాత్రం ముట్టుకోవద్దని నా గట్టి సిఫార్సు. అందరూ ముందు తీసేయమంటున్నది గేటు లోపలి అమెరికా ఎలుకనే. దాన్ని చేసింది గుడి గోపురాల మీద బొమ్మలు పోసే మేస్త్రి. ఆయనకి మామ ఒక బిస్కెట్ ప్యాకెట్ మీది బొమ్మ చూపించి ఏడడుగుల్లో పొయ్యమన్నాడు, ఆయన తనకి వచ్చిన విద్యలో పోశాడు. ఎలుకకి ద్వారపాలకుడి కళ్ళు, పైకి తిప్పిన మీసం, బయటికొచ్చిన రెండు కోరలు, ఒక చెయ్యి నడుము మీద, ఇంకో చెయ్యి చూపుడువేలితో బెదిరిస్తూ. చిన్నపిల్లలు ఏడుస్తారు, నిజమే. కానీ ముసలివాళ్ళు ఆగి దండం పెడుతున్నారు, ఇద్దరు చిల్లర కూడా వేశారు. ఆదివారం మొత్తం పార్కులో లాభం వచ్చిన విభాగం అదొక్కటే. ఒక హుండీ పెట్టండి.

తిండి సంగతి తేలిక. పిజ్జాలు మనకొద్దు. నెల్లూరు చేపల పులుసు, మామిడికాయ ముక్క పడ్డది, మర్నాటికే రుచి అని ఈ జిల్లాలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. కాబట్టి క్యాంటీన్‌లో ఈరోజు పులుసు 100 రూపాయలు, నిన్నటి పులుసు 180. మిగిలిపోయిందాన్ని ఎక్కువకి అమ్మగలిగే హోటల్ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మొన్నటి పులుసు గురించి మాత్రం బాత్‌రూముల వ్యవహారం తేలాక మాట్లాడదాం.

ఇంకోటి, మామ రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర వ్యాపారం బాగుండాలని కోరుకుని వ్యాపారం రొట్టె పట్టుకుని వచ్చాడు. కోరిక తీరితే మళ్ళీ ఏడు వచ్చి రొట్టె వదలాలి. తీరిందా లేదా అని ఇప్పుడు ఇంట్లో పెద్ద వాదన. పార్కు ఇంకా మూతపడలేదు కాబట్టి తీరినట్టేనని అత్త, ఇంకా మూతపడలేదు కాబట్టే తీరనట్టని చిన్నమామ. దీని మీద నేను సిఫార్సు చెయ్యను, పండగ నాటికి మూడు రొట్టెలు కాల్చి సిద్ధంగా ఉంచుకోమంటాను.

చివరిగా జెయింట్ వీల్. ఫెర్రిస్ అనే ఆయన 1893లో షికాగోలో కట్టిన మొదటిది 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. మాది నలభై అడుగులు, ఎనిమిది తొట్లు, అందులో రెండు తాడుతో కట్టేసి ఉన్నాయి. పోటీ పడలేం. కానీ మన చక్రానికి ఒక గుణం ఉంది, కరెంటు పోతే ఆగిపోతుంది, పైన ఉన్నవాళ్ళు పైనే ఉండిపోతారు, అన్నదమ్ములు రాజీపడి జనరేటర్ వేసేదాకా. దీన్ని లోపం అనుకోవడం తెలివితక్కువ. దక్షిణాన శ్రీహరికోట ఉంది. రాత్రిపూట రాకెట్ వదిలితే నెల్లూరు మేడల మీది నుంచే ఎర్రగా నిప్పు లేచి పోవడం కనపడుతుంది. అక్కడి రాకెట్ కేంద్రం షార్ వాళ్ళు 2019లో జనం చూడడానికి గ్యాలరీ కట్టారు, దానికి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఆధార్ చూపించాలి. మనకవేం లేవు. ప్రయోగం రోజున జనాన్ని ఎక్కించి, పెద్దమామ చేత చిన్నమామని ఒక మాట అనిపించండి చాలు, చక్రం సరిగ్గా టైముకి ఆగుతుంది.

ఇది ఊరికే చెప్పడం లేదు. ఆ ఆదివారం సాయంత్రం ఆఖరి పరిశీలన కింద నేనే ఎక్కాను. తొట్టి పైకి చేరి, అటు సముద్రం గీతలా, ఇటు పెన్నా వైపు చెట్లు, మధ్యలో ఎక్కడ చూసినా రొయ్యల గుంటలు అద్దం ముక్కల్లా మెరుస్తుంటే నోటుబుక్కు తీశాను. కరెంటు పోయింది. కింద జనరేటర్ దగ్గర చిన్నమామ గొంతు, ఆ వెనకే పెద్దమామ గొంతు, డీజిల్ డబ్బులు ఎవరివనే చర్చ మొదలైంది. చీకటి పడుతోంది, కొంగలు గుంటలోంచి లేచి నా కిందుగా ఎగిరిపోతున్నాయి. "మామా, దించండి" అని అరిచాను. మా మామ టార్చి వేసి పైకి చూశాడు.

"తొందర లేదబ్బయా, ఆడనే కూర్చోని ఇంకో నాలుగు ఐడియాలు రాయి."