జపాన్ తలుపులు మూసుకుందని ఇంకెన్నాళ్ళు చెబుతారు?

గంట క్రితం తమ్ముడు ఫోన్ చేశాడు. గ్రూప్-2 కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టారట. అందులో ఒక ప్రశ్న: "1639 తర్వాత జపాన్ బయటి ప్రపంచంతో సంబంధాలన్నీ తెంచుకుంది. ఒప్పా, తప్పా?" వీడు తప్పు అని పెట్టాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు నేను చెప్పింది గుర్తుపెట్టుకుని మరీ పెట్టాడు. మార్కు పోయింది, దాని మీద నెగటివ్ మార్కింగ్ కూడా. సార్‌ని అడిగితే "కీలో ఒప్పు అని ఉంది, ఎక్కువ ఆలోచించకు" అన్నారట. "అక్కా, ఇకమీదట నువ్వు చెప్పింది రాయను" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు.

సంబంధాలన్నీ తెంచుకుందా? మరి 1641లో డచ్చివాళ్ళను తీసుకెళ్ళి నాగసాకి రేవులో దెజిమా దీవిలో ఎందుకు పెట్టారు? సముద్రంలో మట్టి పోసి విసనకర్ర ఆకారంలో కట్టిన దీవి అది. పొడవు 120 మీటర్లు ఉంటుందేమో, అంతే. అక్కడికి రెండు వందల ఏళ్ళకు పైగా డచ్చి ఓడలు వచ్చాయి. అదే నాగసాకికి చైనా ఓడలు అంతకన్నా ఎక్కువ వచ్చాయి. సుషిమా దీవి మీదుగా కొరియాతో, దక్షిణాన సత్సుమా మీదుగా ర్యూక్యూ దీవులతో, ఉత్తరాన మత్సుమయె మీదుగా ఐను తెగవాళ్ళతో వ్యాపారం నడిచింది. నాలుగు గుమ్మాలున్న ఇల్లు అది. దెజిమాలోని డచ్చి అధికారి లోకంలో ఏం జరుగుతోందో ఏటా జపాన్ ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. 1774కల్లా సుగిత గెంపకు అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు డచ్చి శరీరశాస్త్ర గ్రంథాన్ని జపనీస్‌లోకి తెచ్చేశారు. కళ్ళు మూసుకున్నవాళ్ళు చేసే పనా ఇది?

అసలు 'మూసిన దేశం' అన్న మాట కూడా ఆ ఆజ్ఞలు ఇచ్చినవాళ్ళది కాదు. కెంఫర్ అనే జర్మన్ వైద్యుడు రాసిన వ్యాసాన్ని షిజుకి తదవొ అనే జపాన్ అనువాదకుడు 1801లో అనువదిస్తూ 'సకోకు' అనే మాట పుట్టించాడు. మూసేశారని చెప్పే ఆజ్ఞలు 1630లవి, ఆ మాట మాత్రం నూట అరవై ఏళ్ళ తర్వాతది. మన కీలో అదే వేదవాక్కు.

జపాన్‌వాళ్ళు పోర్చుగీసువాళ్ళను ఊరికే అనుమానించి వెళ్ళగొట్టారా? 1543లో పోర్చుగీసువాళ్ళు తనెగషిమాలో దిగితే మర్యాదగానే చూశారు. తుపాకులు కొన్నారు, తయారుచేయడం కూడా నేర్చుకున్నారు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే పాద్రీ వచ్చి క్రైస్తవ మతం చెప్పుకుంటే విన్నారు. ఇచ్చిన చనువు ఎక్కడిదాకా వెళ్ళిందంటే, 1580లో ఒక ప్రభువు నాగసాకి రేవునే జెసూట్ పాద్రీల చేతిలో పెట్టాడు. పోర్చుగీసు వర్తకులు జపాన్ మనుషులను బానిసలుగా కొని ఓడలెక్కించారు. పక్కనే ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ మింగేసింది. ఇవన్నీ కళ్ళెదురుగా చూసినవాడు గడప దగ్గర కాపలా పెట్టడా?

ఆ కాపలా పేరుతో క్రైస్తవులను చంపిన తీరు ఘోరం. దాన్ని నేను సమర్థించను. 1640లో పోర్చుగీసువాళ్ళుండే మకావు నుంచి మాట్లాడుకుందామని వచ్చిన రాయబారులను, ఓడలోనివాళ్ళను 61 మందిని చంపేశారు. అంతకు ముందు షిమబరా తిరుగుబాటులో క్రైస్తవ రైతులు దాక్కున్న కోట మీద ఫిరంగులు పేల్చినవాళ్ళలో డచ్చివాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ క్రైస్తవులే. వ్యాపారం చేజారిపోకూడదని పేల్చారు. ఈ ముక్క ఏ మెటీరియల్‌లోనూ కనపడదు నాకు.

చైనా సంగతీ అంతే. మకావులో పోర్చుగీసువాళ్ళను 1557 నుంచి ఉండనిచ్చారు. పాద్రీ మాటియో రిచీ పెకింగ్‌లోనే ఉండి 1610లో అక్కడే పోయాడు, అక్కడే పూడ్చారు. 1757లో చియెన్‌లుంగ్ చక్రవర్తి పడమటి ఓడలు ఒక్క కాంటన్ రేవుకే రావాలన్నాడు. కాంటన్‌లో సరుకు మాత్రం ఆగలేదు, టీ పెట్టెలు ఓడలెక్కుతూనే ఉన్నాయి. ఆ కట్టడి ఇంగ్లీషువాళ్ళకు నచ్చలేదు. చివరికి నల్లమందు అమ్మనివ్వలేదని యుద్ధానికి దిగారు. మన పుస్తకాలు దీన్ని చైనా మొండితనం అంటాయి.

1757 అంటే నాకు కడుపు రగిలిపోతుంది. చైనా ఆ కట్టడి పెట్టిన ఏడాదే, జనవరి 24న, మన బొబ్బిలి కోట తగలబడింది. విజయనగరం రాజు తన పక్కింటి పగ తీర్చుకోవడానికి ఫ్రెంచి బుస్సీని ఫిరంగులతో సహా వెంటపెట్టుకొచ్చాడు. మూడేళ్ళు తిరక్కుండా మా బందరు కోట ఫ్రెంచివాళ్ళ నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. మన గుమ్మం దగ్గర కాపలా ఎవరున్నారు? ఎవడొచ్చినా స్థలం ఇచ్చాం. మా నాన్నగారి ఇల్లు పరాసుపేటలో. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. అటు వలందపాలెం, అది డచ్చివాళ్ళది. ఇంకోపక్క ఇంగ్లీషుపాలెం. చిన్నప్పుడు నాకివి ఊరి పేర్లే. ఎవరెవరు వచ్చి కూర్చున్నారో ఆ పేర్లలోనే ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు. 'ఐరోపావారి రాక' పాఠంలో మచిలీపట్నానికి ఒక్క వాక్యం. వాళ్ళు రావడం వల్లే మనకు లోకం తెలిసిందన్నట్టు చెప్పారు.

మన తీరంలో నేసి, రంగులద్దిన బట్టను ఆ డచ్చివాళ్ళే దెజిమాకు మోశారు. జపాన్‌లో దాన్ని 'సరస' అని అపురూపంగా చూసుకున్నారు, టీ వేడుకలో వాడే గిన్నెలకు సంచులు కుట్టుకున్నారు. అక్కడి రాగి తిరుగు ఓడల్లో వచ్చి మన కోరమాండల్ తీరంలో అమ్ముడుపోయింది. సంబంధాలన్నీ తెంచుకున్న దేశపు రాగి ఇక్కడికి ఎలా వచ్చింది సార్?

సోమవారం ఆ ప్రశ్నపత్రం పట్టుకుని నేనే వస్తున్నాను. మా వాడి మార్కు వాడికి ఇవ్వండి.