ర్యాంపు ఉంది, వాలు ఏదీ?

పోయిన నెల అమ్మను వీల్‌చైర్‌లో తిరుపతిలోని ఒక ఆఫీసుకు తీసుకెళ్లాను. వాకిట్లో మూడు మెట్లు, పక్కనే ర్యాంపు. హమ్మయ్య అనుకుని తోస్తే సగంలోనే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. అమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, "వద్దులే నాయనా, నేనీడే ఉంటా. నువ్వు పోయి అడుగు" అంది. కానీ సంతకం పెట్టాల్సింది ఆమే.

మరుసటి రోజు టేపు తీసుకెళ్లి కొలిచాను. మూడు మెట్లకు కలిపి ఎత్తు ఒకటిన్నర అడుగు. 1 అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లెక్కన అక్కడ 18 అడుగులు కావాలి. ఉన్నది 5. పైన నున్నటి గ్రానైట్, పట్టుకోవడానికి కమ్మీ లేదు. స్కూటర్ ఎక్కించడానికైతే సరిపోతుంది. మన ఊళ్లో చాలా ర్యాంపులు అలాంటివే.

చట్టం లేక కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2017లో నిబంధనలు వచ్చాయి. పాత ప్రజా భవనాలను ఐదేళ్లలో మార్చాలన్న గడువు 2022లోనే ముగిసింది. ఆ నిబంధనల్లోని 15వది సలహా ఇచ్చినట్టుందే తప్ప తప్పనిసరి చేయలేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కచ్చితంగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఇది కొద్దిమంది గొడవ అనుకునేవాళ్లు తిరుపతిలో ఒక్కరోజు నిలబడి చూడాలి. బర్డ్ ఆసుపత్రిలో కాలికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చేతికర్రలతో రోడ్డు మీదికి వస్తారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినవాళ్లకు మర్నాడు బస్సు మెట్టు కూడా కొండలా కనిపిస్తుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచులతో వచ్చే తల్లికి కావాల్సిందీ ఆ వాలే.

నా దృష్టిలో లోపం తనిఖీలో ఉంది. ప్రమాణాలు పాటించని భవనానికి పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదని అదే చట్టం చెబుతోంది. సంతకం పెట్టే ముందు ఇంజినీరు టేపు తీయాలి. వీల్‌చైర్ వాడే మనిషిని పిలిచి, ఎవరూ తోయకుండా ఎక్కి చూడమనాలి. ఆ పనికి గంట కూడా పట్టదు.

ఆ రోజు గుమాస్తా ఫైలు బయటికి తెచ్చి, మెట్ల కిందే అమ్మ చేత సంతకం పెట్టించారు. మంచి మనిషి. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది: "లోపల ఎట్లుంటాది రా ఆ ఆఫీసు?"