రొట్టెలో పెట్టి ఇవ్వడం కూడా వంటేనా అనేవాళ్ళకి

మొన్న ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర మా బాబాయ్ గారు అన్న మాట ఇంకా మనసులోంచి పోవడం లేదు. "అమెరికాలో నాలుగు నెలలున్నాం, ఎన్నో ఊళ్ళు తిరిగాం. తిండి మాత్రం సున్నా. రెండు రొట్టె ముక్కల మధ్య ఏదో కుక్కి ఇస్తారు, అదీ ఒక వంటేనా?" అన్నారు. పక్కనున్నవాళ్ళంతా అవునవునన్నారు. అంతమందిలో పెద్దాయనకి ఎదురు చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. కానీ ఆ మాట తప్పు. చాలా తప్పు.

ముందే చెప్తున్నా, నేను బీఫ్ తినను. మా ఇంటి పద్ధతి అది. అమెరికాలో పేరు మోసిన శాండ్‌విచ్‌లు సగానికి పైగా బీఫ్‌తోనే చేస్తారు కాబట్టి, "మరి నువ్వేం తింటావు అక్కడ?" అని అందరూ అడుగుతారు. అడిగి తింటాను. కౌంటర్ దగ్గర నిలబడి, ఇందులో ఏముంది, ఏది తీసేసి ఇవ్వగలరు అని అడుగుతాను. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ కసురుకోలేదు. పూర్తి శాకాహారులకి కష్టమే, కాదనను. కానీ మనలో చికెనూ రొయ్యలూ తినేవాళ్ళు కూడా ప్రతి ఊళ్ళోనూ ఫోన్ తీసి ఇండియన్ బఫే ఎక్కడుందా అని వెతుక్కోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

పోయినేడాది అమ్మ వచ్చినప్పుడు లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్ళాను. అమ్మది భీమవరం దగ్గర పల్లెటూరు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. పార్క్‌వే అనే కొట్టులో రొయ్యల పోబాయ్ చెప్పాను. పోబాయ్ అంటే పొడుగాటి ఫ్రెంచ్ రొట్టెతో చేసే ఆ ఊరి శాండ్‌విచ్. కాగితంలో చుట్టి ఇచ్చారు. విప్పగానే అమ్మ, "ఏంటే, ఇంత పొడుగుంది? ఇద్దరికీ ఒకటి చాలుగా" అంది. ఆ రొట్టె పైన పల్చటి పెంకులా ఉంటుంది. నొక్కితే చిటపటమని పగిలి ఒళ్ళో రాలుతుంది. లోపల మాత్రం దూదే. మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన రొయ్యలు, సన్నగా తరిగిన లెట్యూస్, టమాటా, పికిల్, మయొనీజ్. ఇవన్నీ కావాలంటే 'డ్రెస్డ్' అని చెప్పాలి. అమ్మ రొట్టె సంగతి పక్కన పెట్టి, ముందు ఒక రొయ్యని బయటికి లాగి కొరికింది. కాసేపు నమిలి, "తియ్యగా ఉందే. ఇది చెరువు రొయ్య కాదు" అంది.

కాదు మరి, అది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పట్టిన రొయ్య. లూసియానాలో 2019లో ఒక చట్టం చేశారు. హోటల్లో దిగుమతి రొయ్యలు వాడితే ఆ సంగతి కస్టమర్‌కి తెలిసేలా చెప్పి తీరాలి. అమెరికాకి బయటినుంచి వచ్చే రొయ్యల్లో అన్నిటికన్నా ఎక్కువ మన దేశానివే, అందులో పెద్ద వాటా ఆంధ్రదే. ఇది చెప్పగానే అమ్మ తినడం ఆపేసి, "అయితే ఇక్కడ కౌంట్ ఎంతకి పోతోందో అడగవే" అంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కే కౌంట్, దాన్ని బట్టే మావైపు రేటు. చౌక దిగుమతుల వల్ల తమకి ధర రావడం లేదని ఇక్కడి పడవలవాళ్ళు మొత్తుకుంటున్నారని కూడా చెప్పాను. అమ్మకి వెంటనే అర్థమైంది. రేటు పడిపోయినప్పుడు చెరువు గట్టు మీద కూర్చునే మనుషుల్ని అమ్మ చాలాసార్లు చూసింది.

ఆ పోబాయ్ కథ తెలిస్తే బాబాయ్ గారు ఆ మాట అనేవారు కాదేమో. 1929లో న్యూ ఆర్లీన్స్ ట్రామ్ కార్మికులు సమ్మె చేశారు. నెలల తరబడి సాగింది. బెన్నీ, క్లోవిస్ మార్టిన్ అనే అన్నదమ్ములు అంతకుముందు ట్రామ్ కండక్టర్లుగా చేసి, తర్వాత సొంతంగా హోటల్ పెట్టుకున్నవాళ్ళు. సమ్మెలో ఉన్నవాళ్ళెవరొచ్చినా ఉచితంగా తిండి పెడతామని మాటిచ్చారు. ఎవరైనా ఆకలితో గుమ్మంలోకి వస్తే, 'అదిగో ఇంకో పూర్ బాయ్' అనుకునేవారట లోపలివాళ్ళు. ఆ పూర్ బాయే పోబాయ్ అయింది. అప్పట్లో ఫ్రెంచ్ రొట్టెకి రెండు చివరలూ సన్నగా ఉండేవి, ఆ చివరి ముక్కలు తీసుకున్నవాడికి తక్కువ వచ్చేది. అందుకని జాన్ జెండూసా అనే బేకరీ ఆయన చేత ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఒకే మందంతో 40 అంగుళాల రొట్టె చేయించారు. ఏ ముక్క తీసుకున్నా అందరికీ సమానం. తేరగా పెట్టే తిండిలో కూడా ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ రాకూడదని ఆలోచించిన మనుషులు వాళ్ళు. దీన్ని వంట కాదని నేనెలా ఒప్పుకుంటాను?

న్యూయార్క్‌లో కాట్జెస్ అనే శాండ్‌విచ్ హోటల్‌కి వెళ్ళాను. 1888 నుంచి ఉంది. గుమ్మంలోనే ఒక టికెట్ చేతిలో పెడతారు. ఏం తిన్నామో దాని మీద రాస్తారు, వెళ్ళేటప్పుడు అది చూపించి డబ్బు కట్టాలి. పారేసుకోకండి, అదనంగా కట్టించుకుంటారు. అక్కడ పేరు మోసిన పాస్ట్రామీ బీఫ్‌తో చేసేది, నేను తినలేదు కాబట్టి దాని రుచి గురించి రాయను. కానీ చేసే పద్ధతి తెలుసుకున్నాను. మాంసాన్ని వారాల తరబడి ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, మసాలా పట్టించి, పొగబెట్టి, ఉడకబెట్టి, మళ్ళీ ఆవిరి మీద ఉంచుతారు. ఎవరైనా వచ్చి అడిగాక చేత్తో కోస్తారు. కోసే ఆయన నాకు ముందుగా ఒక టర్కీ ముక్క ప్లేట్లో పెట్టి, రుచి చూడమని నా వైపు జరిపారు. మా పెద్దమ్మ వంటింట్లో కూర దించగానే అరచేతిలో కాస్త వేసి "ఉప్పు చూడవే" అనేది. నాకు సరిగ్గా అదే గుర్తొచ్చింది.

ఫిలడెల్ఫియా అనగానే అందరూ చీజ్‌స్టేక్ అంటారు, అదీ బీఫ్ శాండ్‌విచ్చే. నేను 1893 నుంచి నడుస్తున్న రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌కి వెళ్ళి రోస్ట్ పోర్క్ శాండ్‌విచ్ తిన్నాను. ఘాటైన ప్రొవలోన్ చీజ్, దాని మీద కాస్త చేదుగా ఉండే ఉడికిన ఆకుకూర. పంది మాంసం మీద చేదు ఆకు వెయ్యాలని మొదట ఎవరికి తోచిందో గానీ, వాళ్ళకి దండం పెట్టాలి. లాస్ ఏంజెలెస్‌లో ఫిలిప్స్ అనే శాండ్‌విచ్ కొట్టు కూడా బాగుంటుంది. రంపపు పొట్టు చల్లిన నేల, పొడవాటి బల్లలు, మాంసం రసంలో ముంచిన రొట్టె, కళ్ళలో నీళ్ళు తెప్పించే ఆవ ముద్ద.

ఇక షికాగో. ఇటాలియన్ బీఫ్ అనే శాండ్‌విచ్ పుట్టిన ఊరు కాబట్టి నాకక్కడ పనేం లేదనుకున్నాను. కానీ ఆ బీఫ్ కొట్ల మెనూల్లోనే పెప్పర్ అండ్ ఎగ్ అని ఒకటుంటుంది. ఈస్టర్ ముందు వచ్చే లెంట్ అనే ఉపవాస రోజుల్లో శుక్రవారాలు క్యాథలిక్కులు మాంసం ముట్టరు. ఆ శుక్రవారాల కోసం వచ్చిందే ఇది. క్యాప్సికం మగ్గబెట్టి, గుడ్లు కొట్టి కలిపి, వేడివేడిగా రొట్టెలో పెడతారు. పైన జార్డినేరా వెయ్యమని తప్పకుండా అడగండి. మిరపకాయలు, క్యారెట్, కాలీఫ్లవర్ ముక్కలు నూనెలో ఊరబెట్టింది. సీసా మూత తీస్తే ఊరగాయ జాడీ దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది.

బాబాయ్ గారికి శనివారాలు నీచు ఉండదు, గుడ్డు మాత్రం తింటారు. మార్చిలో మళ్ళీ షికాగోలో కొడుకు దగ్గరికి వెళ్తున్నారట. అంటే సరిగ్గా లెంట్ రోజులే. తమ్ముడికి ఇప్పుడే ఒక కొట్టు అడ్రస్ వాట్సాప్ చేశాను. జార్డినేరా 'హాట్' అనే అడగమని కూడా రాశాను.